చూపునిచ్చే వెలుగు



వంశధార నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం వుంది. ఒకప్పుడు అది పేరున్న రేవు. ఇప్పుడు అక్కడికి సరుకు ఓడలు రావు. రేవు పోయింది గాని, ఆంగ్లేయుల కాలంలో వెలసిన దీపస్తంభం మాత్రం పోలేదు. పొద్దుగూకగానే దాని దీపం వెలుగుతుంది. వేటకు వెళ్లిన పడవలకు ఒడ్డు ఎటువుందో చెప్తుంది.

ఈ దీపాన్ని గూర్చి మన మత్స్యకార సోదరులందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. అది పడవను ఒడ్డుకు లాక్కొని రాదు. తెడ్డు వేయవలసినవాడు, చుక్కాని తిప్పవలసినవాడు పడవలోని మనిషే. దీపం ఎంతగా వెలిగినా అతడు అటు తలెత్తి చూడకపోతే ప్రయోజనం లేదు. చూచికూడ పడవను అటు తిప్పకపోతే అసలే ప్రయోజనం లేదు. క్రీస్తు తాను లోకానికి వెలుగునని చెప్పినపుడు, ఆ మాటతోపాటే తన్ను అనుసరించేవాణ్ణి గూర్చి చెప్పాడు (యోహా 8,12). వెలుగును మెచ్చుకొనేవాణ్ణి గూర్చి చెప్పలేదు. కనుక ఈ వారం మూడు సంగతులు ఆలోచిద్దాం. మనకు ఆధ్యాత్మికమైన చూపు ఎలా వస్తుంది? దాన్ని ఏవి చెరుపుతాయి? చూపు వచ్చినవాడు ఎలా నడవాలి?

1. మూడు కన్నులు, మూడు వెలుగులు

చూడాలంటే రెండు కావాలి. కన్ను బాగుండాలి, వెలుగుండాలి. చీకటి గదిలో ఆరోగ్యమైన కన్నుకూడ ఏమీ చూడలేదు. శుక్లం ముదిరిన కంటికి మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడ అంతా మసకే. విశ్వాస జీవితంలోను ఇంతే. వెలుగు క్రీస్తు. కన్ను మన హృదయం.

12వ శతాబ్దంలో పారిస్ నగరంలోని సెయింట్ విక్టర్ మఠంలో హ్యూగో అనే వేదశాస్త్రి వుండేవాడు. ఆయన నరునికి మూడు కన్నులున్నాయని బోధించాడు. మొదటిది దేహపు కన్ను. దీనితో లోకాన్ని చూస్తాం. రెండవది బుద్ధి అనే కన్ను. దీనితో మన లోపలి సంగతులు చూచుకొంటాం. మూడవది ధ్యానపు కన్ను. దీనితో దేవుణ్ణి చూస్తాం. పాపంవల్ల మూడవ కన్ను పూర్తిగా పోయిందని, రెండవది మసకబారిందని, మొదటిది మాత్రం బాగానే వుండిపోయిందని ఆయన భావం. మన అనుభవం కూడ ఇదే కదా! బజారులో వస్తువు మంచిదో కాదో ఇట్టే కనిపెడతాం. మన మనస్సులో ఏముందో కనిపెట్టడం కష్టం. దేవుడు మన పక్కనే వున్నాడని గుర్తించడం ఇంకా కష్టం.

తర్వాతి శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు మూడు వెలుగులను గూర్చి చెప్పాడు. మొదటిది బుద్ధి వెలుగు. ఇది ప్రతి మనిషికీ సృష్టికర్త ఇచ్చినది. రెండవది విశ్వాసపు వెలుగు. ఇది వరప్రసాదం. మూడవది మహిమ వెలుగు. మోక్షంలో దేవుణ్ణి ముఖాముఖి చూచేందుకు ఇది కావాలి. ఈ మూడింటికీ మూలం ఒక్క దేవుడే. కనుక ఒక వెలుగు మరొక వెలుగును ఆర్పదు. ఇంజనీరింగు చదివే కుమారుడు, నర్సింగు చదివే కుమార్తె ఇంటికి వచ్చి ప్రశ్నలు వేస్తే తల్లిదండ్రులు భయపడనక్కర లేదు. "నోరు మూసుకొని జపం చెప్పు" అనకూడదు. బుద్ధి కూడ దేవుడు వెలిగించిన దీపమే. ఐతే ఆ దీపపు వెలుతురు కొంతదూరమే పారుతుంది. తల్లి ఎందుకు చనిపోయింది అన్న ప్రశ్నకు డాక్టరు జవాబు చెప్పగలడు. ఆమె ఇప్పుడెక్కడుంది, నేనిక ఎందుకు బ్రతకాలి అన్న ప్రశ్నలకు విశ్వాసపు వెలుగే కావాలి.

2. సిలోయము కోనేటికి వెళ్లిన గుడ్డివాడు

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని కథ వుంది. తపస్సుకాలం నాలుగవ ఆదివారం మొదటి ఏటి పఠనాల్లో తిరుసభ దీన్ని మనకు వినిపిస్తుంది. జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవారి కోసం పూర్వం నుండి ఏర్పరచిన పఠనమిది. రెండవ శతాబ్దంలోనే యుస్తీను భక్తుడు జ్ఞానస్నానానికి "వెలిగింపు" అనే పేరు వున్నట్లు చెప్పాడు.

కథ మొదట్లోనే శిష్యులు ఓ తప్పు ప్రశ్న వేస్తారు. వీడు గుడ్డివాడుగా పుట్టింది తన పాపంవల్లనా, తల్లిదండ్రుల పాపంవల్లనా అని అడుగుతారు. ప్రభువు ఈ రెండూ కాదంటాడు (9,3). మన ఊళ్లలో ఇప్పటికీ ఈ ప్రశ్న చావలేదు. వికలాంగుడైన బిడ్డ పుడితే, "ఏ జన్మ కర్మమో, ఎవరి పాపమో" అని ఆ తల్లి వినేట్లే అంటారు. క్రైస్తవుల నోటకూడ ఈ మాట వస్తుంది. రాకూడదు. కన్ను లేకపోవడం పాపం కాదు. కన్ను వుండికూడ చూడకపోవడాన్ని గూర్చే ప్రభువు ఈ అధ్యాయమంతా మాట్లాడతాడు.

క్రీస్తు ఉమ్మితో మట్టి తడిపి అతని కన్నులకు పూశాడు. సిలోయము కోనేటిలో కడుగుకొమ్మన్నాడు. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. అతడు కోనేటికి బయలుదేరినపుడు ఇంకా గుడ్డివాడే. కన్నులమీద బురదతో, జనం నవ్వుతూంటే, తడుముకొంటూ వెళ్లాడు. చూపు వచ్చింతర్వాత విధేయుడు కాలేదు. విధేయుడై వెళ్లినందున చూపు వచ్చింది. "నాకు అన్నీ స్పష్టంగా తెలిస్తే అప్పుడు గుడికి వస్తాను, అప్పుడు పాపసంకీర్తనం చేస్తాను" అనేవారికి ఇతడు గురువు. ఈ సిలోయము కల్పితమైన స్థలం కాదు. 2004లో యెరూషలేములో మురుగు కాలువ పనులు జరుగుతూంటే ఆనాటి కోనేటి రాతిమెట్లు బయటపడ్డాయి. ఆ పేరుకు "పంపబడినవాడు" అని అర్థమని యోహాను చెప్తాడు. తండ్రి పంపిన క్రీస్తులో కడుగుకొంటేనే చూపు.

చూపు వచ్చాక కూడ అతనికి అంతా ఒక్కసారిగా తెలియలేదు. ఇరుగుపొరుగువారు అడిగితే, యేసు అనే మనిషి నన్ను బాగుచేశాడన్నాడు (9,11). పరిసయ్యులు అడిగితే, ఆయన ప్రవక్త అన్నాడు (9,17). వాళ్లు గద్దించి మళ్లీ అడిగితే, ఆయన దేవునినుండి వచ్చినవాడు కాకపోతే ఈ పని చేయలేడన్నాడు (9,33). చివరకు ప్రభువునే ముఖాముఖి కలిసికొని, విశ్వసిస్తున్నానని ఆయనకు మ్రొక్కాడు (9,38). ప్రశ్నలూ బెదిరింపులూ పెరిగేకొద్ది అతని చూపు స్పష్టమైంది. పరిసయ్యులకు దీనికి వ్యతిరేకంగా జరిగింది. మాకు తెలుసు, మాకు తెలుసు అంటూ వాళ్లు చీకటిలోకి పోయారు. నాకు తెలియదని ఒప్పుకొన్నవాడికి ప్రభువు తెలియజేశాడు. అన్నీ తెలుసుననుకొన్నవారికి తెలియజేయడానికి చోటే లేదు.

3. వాడినే అడగండి

ఈ కథలో మన కుటుంబాలను గుచ్చే భాగం ఇంకొకటుంది. పరిసయ్యులు అతని తల్లిదండ్రులను పిలిపించారు. మీ కొడుకు ఎలా చూడగల్గుతున్నాడని అడిగారు. వాళ్లకు యూదులంటే భయం. క్రీస్తును ఒప్పుకొంటే ప్రార్థనామందిరంనుండి వెలివేస్తారు. అందుకని, వాడు వయసు వచ్చినవాడు, వాణ్ణే అడగండని తప్పించుకొన్నారు (9,21-23).

ఆ కొడుకు సంగతి కాస్త ఊహించండి. పుట్టినప్పటినుండి అమ్మ ముఖం చూడలేదు. ఇవాళ మొదటిసారి చూచాడు. ఆ మొదటి రోజునే ఆమె ముఖంలో భయం చూచాడు. తన పక్కన నిలబడని తండ్రిని చూచాడు. ఆ సాయంత్రం అతణ్ణి వెలివేశారు. అతని కోసం వెదుక్కొంటూ వచ్చింది క్రీస్తు ఒక్కడే (9,35).

ఇప్పుడు మన ఇళ్లల్లో చూడండి. కొడుకు పూజకు రాడు. కూతురు సెల్‌ఫోనులో ఎవరితో మాట్లాడుతూందో తెలియదు. అన్న తాగి వస్తాడు. గురువు వెళ్లి అడిగితే తల్లిదండ్రులు ఏమంటారు? "వాడు పెద్దవాడయ్యాడండీ, వాడినే అడగండి" అంటారు. పిల్లవాడు పెద్దవాడు కావడం నిజమే. స్వేచ్ఛ కలవాడు కావడం నిజమే. ఐనా ఈ మాట చాలాసార్లు గౌరవంవల్ల రాదు, భయంవల్ల వస్తుంది. గద్దిస్తే ఇల్లు విడిచి పోతాడేమోనని భయం. డబ్బు పంపడం మానేస్తాడేమోనని భయం. నలుగురిలో చులకనైపోతామేమోనని భయం.

పునీత మోనికమ్మ ఈ మాట అనలేదు. కొడుకు అగుస్తీను చదువులో దిట్ట, వయసు వచ్చినవాడు, తల్లి మాట వినేరకం కాదు. ఆమె అతనితో రోజూ పోట్లాడలేదు. అతణ్ణి వదలి పెట్టనూ లేదు. సముద్రం దాటి అతని వెంట ఇటలీ వెళ్లింది. కన్నీటితో ప్రార్థించింది. 387లో పాస్కా జాగరణనాడు మిలాను నగరంలో అంబ్రోసు పీఠాధిపతి అగుస్తీనుకు జ్ఞానస్నానమిచ్చాడు. ఆ యేడే ఆమె కన్నుమూసింది. పిల్లలకు మనం చూపునివ్వలేం. అది దేవుడిచ్చేది. ఐతే చూపు వచ్చిన రోజున, వాళ్లు ఒంటరిగా నిలబడిన రోజున, మన ముఖంలో భయం కాకుండా విశ్వాసం కన్పించాలి.

4. చెట్లలా కన్పించే మనుష్యులు

మార్కు సువార్తలో బెత్సయిదా గుడ్డివాని కథ వుంది (8,22-26). ప్రభువు చేతులు చాచి తాకిన మొదటిసారి అతనికి సగం చూపే వచ్చింది. మనుష్యులు కన్పిస్తున్నారు గాని నడిచే చెట్లలా వున్నారన్నాడు. రెండవసారి తాకాక అంతా తేటగా కన్పించింది. ప్రభువుకు శక్తి చాలక ఇలా జరగలేదు. శిష్యుల చూపు అప్పటికి సగమేనని మార్కు మనకు చెప్తున్నాడు. ఎందుకంటే వెంటనే పేతురు, నీవు క్రీస్తువని ఒప్పుకొంటాడు. అదే పేతురు, సిలువ మాట ఎత్తగానే ప్రభువును వారిస్తాడు.

మనలో చాలమందిది ఈ సగం చూపు. జ్ఞానస్నానం పొందాం. దేవుడు కన్పిస్తున్నాడు. మనుష్యులు మాత్రం చెట్లలా కన్పిస్తారు. చెట్టువల్ల కాయలూ కట్టెలూ వస్తాయి, నీడ వస్తుంది. చెట్టుకు బాధ వుంటుందని ఎవరనుకొంటారు? కోడలు వంటచేసే చెట్టు. కూలివాడు పనిచేసే చెట్టు. వలస వెళ్లిన భర్త డబ్బు కాసే చెట్టు. గుడిలో ఒకే బల్లమీద కూర్చుంటాం, ఒకే దివ్యసత్ప్రసాదం పుచ్చుకొంటాం. బయటికి రాగానే ఎవరిది ఏ కులమో కన్ను వెదుకుతుంది. పెళ్లి సంబంధం వచ్చేసరికి ఆ కన్నుకు ఇంకేమీ కన్పించదు.

మన జిల్లాలో ఉద్దానం ప్రాంతాన్ని తలచుకోండి. మూత్రపిండాల వ్యాధితో అక్కడ ఎన్నో ఇళ్లు కూలిపోయాయి. డయాలిసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కేవాళ్లు మన విచారణల్లోనూ వున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలుసా? ఆదివారం వాళ్లు కన్పించకపోతే ఎందుకు రాలేదని ఎవరైనా అడిగారా? తోటి మనిషి మనిషిలా కన్పించేదాక మనకు ప్రభువు రెండవ స్పర్శ కావాలి. కన్ను దేహానికి దీపమని ప్రభువు చెప్పింది ధనాన్ని గూర్చిన బోధ మధ్యలోనే (మత్త 6,19-24). పిసినిగొట్టు కన్ను చెడిన కన్ను. ఇచ్చే చేయి గలవానికి చూపుకూడ బాగుంటుంది.

5. పొరుగువారి దీపాలు

మన పిల్లలు ఓ ప్రశ్న అడుగుతుంటారు. అరసవల్లిలో మన పొరుగువారు సూర్యనారాయణ స్వామిని కొలుస్తారు. మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు అక్కడి మూర్తి పాదాలను తాకుతాయని వేలమంది వెళ్తారు. కళింగపట్నానికి దగ్గర్లోనే, వంశధార దక్షిణపు గట్టున, శాలిహుండం కొండమీద పూర్వం బౌద్ధ భిక్షువులు జ్ఞానం కోసం ధ్యానం చేశారు. వాళ్ల స్తూపాల శిథిలాలు ఇంకా వున్నాయి. మరి వాళ్లదంతా చీకటేనా?

తిరుసభ అలా చెప్పదు. క్రీస్తు ప్రతి నరునికీ వెలుగునిచ్చే నిజమైన వెలుగని యోహాను వ్రాశాడు (1,9). రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ఇతర మతాలను గూర్చి ప్రకటన చేస్తూ, వాటిలో సత్యమూ పవిత్రతా గల దేనినీ తిరుసభ త్రోసిపుచ్చదని, నరులందరికీ వెలుగైన ఆ సత్యపు కిరణం వాటిలో తరచుగా ప్రతిఫలిస్తుందని బోధించింది. ఆ వెలుగు నిండుగా వున్నది క్రీస్తులోనేనని ప్రకటించే బాధ్యతను కూడ గుర్తుచేసింది. కనుక పొరుగువాని దీపాన్ని ఊది ఆర్పడం సువార్త ప్రకటన కాదు. సూర్యుణ్ణి చూచి చేతులు జోడించే పొరుగువానికి మన ముఖంలో క్రీస్తు వెలుగు కన్పిస్తే, అతడే అడుగుతాడు. 1846లో విశాఖపట్నంలో దిగిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు పరదేశులు. మొదట్లో వాళ్లకు ఇక్కడి భాష రాదు. వాళ్ల జీవితమే మొదటి ప్రసంగమైంది.

వేదపండితులు తిరుసభను చంద్రునితో పోల్చారు. చంద్రునికి సొంత వెలుగు లేదు. సూర్యునివైపు తిరిగినంత మేరకే అది వెలుగుతుంది. 1964లో మహాసభ తిరుసభను గూర్చి వెలువరించిన పత్రం కూడ క్రీస్తే జాతులకు వెలుగని మొదలుపెడుతుంది, తిరుసభ అని కాదు. గురువైనా, ఉపదేశియైనా, మఠకన్యయైనా, ఎవరూ తాము సూర్యులమనుకోకూడదు.

6. దొంగ వెలుగులు

ప్రతి దీపస్తంభానికీ ఓ గుర్తుంటుంది. ఎన్ని క్షణాలకు ఎన్నిసార్లు మెరవాలో దానికి నిర్ణయించి వుంటుంది. పక్క స్తంభం అలా మెరవదు. కనుక నావికుడు వెలుగు కన్పించగానే సంతోషపడి అటు దూకడు. మెరుపులు లెక్కపెట్టి, పటంతో సరిచూచుకొని, ఇది ఫలానా రేవు అని తేల్చుకొంటాడు. సైతానుకూడ వెలుగుదూత వేషం వేస్తాడని పౌలు హెచ్చరించాడు (2 కొరి 11,14). మనం కూడ లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

ఇప్పుడు ప్రతి చేతిలోను ఓ చిన్న వెలుగు పలక వుంది. అందులో రాత్రింబగళ్లు బోధకులు మాట్లాడుతూంటారు. ఇంత పంపితే అంత వస్తుందంటారు. మందులు మానెయ్యమంటారు. ఫలానా తేదీకి ఫలానాది జరుగుతుందంటారు. ఇది క్రీస్తు వెలుగా కాదా అని తేల్చుకోవడానికి నాలుగు గుర్తులు చెప్తాను. ఆ బోధలో సిలువకు చోటుందా? పేదవాడికి చోటుందా? అది సువార్త మొత్తంతోను, తిరుసభ విశ్వాసంతోను పొసుగుతూందా? దాన్ని విన్నాక నేను వినయవంతుణ్ణి అవుతున్నానా, ఇతరులను చిన్నచూపు చూస్తున్నానా? ఈ నాల్గింటిలో ఒక్కటి తప్పినా అది మన రేవు దీపం కాదు.

మన బుద్ధి కూడ మనలను మోసగించవచ్చు. 2018 నవంబరులో పొట్టకూటి కోసం గుజరాతు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సముద్రంలో సరిహద్దు దాటి పాకిస్తానువారికి చిక్కారు. వాళ్లు 2020 జనవరిలో తిరిగివచ్చేదాక ఇక్కడ వాళ్ల భార్యాబిడ్డలు పడిన యాతన మనందరికీ తెలుసు. ఆ సోదరుల నేరం ఏముంది? నీటిమీద గీత కన్పించదు. నేలమీదైతే కంచె వుంటుంది, రాయి వుంటుంది. మనస్సు కూడ సముద్రం లాంటిదే. సరదాకు, దురలవాటుకు మధ్య గీత కన్పించదు. పొదుపుకు, పిసినిగొట్టుతనానికి మధ్య గీత కన్పించదు. కోపానికి, పగకు మధ్య గీత కన్పించదు. నేనెక్కడున్నానో నా అంతట నాకే తెలియదు. అందుకే రోజూ ఆత్మశోధన కావాలి. అందుకే పాపసంకీర్తనం కావాలి. నేను దారి తప్పానో లేదో నాకు చెప్పేందుకు బయటినుండి ఓ వెలుగు రావాలి.

7. వెలుగు కన్పించని రాత్రి

ఇంతవరకు చెప్పింది విని కొందరు, "అయ్యగారూ, నాకేమీ కన్పించడం లేదు. ప్రార్థిస్తే గోడతో మాట్లాడినట్లుంది" అనవచ్చు. అలాంటివారికి తిరుసభలో పెద్ద తోడు వుంది. సిలువ యోహాను భక్తుణ్ణి 1577లో తన సభవారే బంధించి, టొలేడో నగరంలో చిన్న చీకటి గదిలో నెలల తరబడి వుంచారు. దేవుడు ఆత్మను చీకటి రాత్రిగుండా నడిపించి తనకు దగ్గర చేసికొంటాడని తర్వాత ఆయన బోధించాడు. కలకత్తా తెరేసమ్మ వ్రాసిన జాబులు 2007లో అచ్చయ్యాయి. లోకమంతా నవ్వుముఖంతో చూచిన ఆ తల్లి, దేవుడు లేనట్లే అనిపించే చీకటిని ఎన్నో ఏండ్లు లోలోపల భరించిందని అప్పుడు తెలిసింది. ఐనా ఒక్క రోజుకూడ ఆమె రోగుల ముఖాల్లో క్రీస్తును వెదకడం మానలేదు. తిరుసభ ఆమెను 2016లో పునీతురాలిగా ప్రకటించింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రాత్రులు ఒకరి కొవ్వొత్తితో ఒకరు వెలిగించుకొన్నాం. ఆ వెలుతురులో ఊరంతా కన్పించదు. అన్నం పళ్లెం, పక్క మనిషి ముఖం కన్పిస్తాయి. అప్పటికి అది చాలు. విశ్వాసం మన చీకటినంతటినీ ఒక్కసారి చెదరగొట్టే వెలుగు కాదని, రాత్రివేళ మన అడుగులకు దారిచూపే దీపమని 2013లో ఫ్రాన్సిస్ పోపుగారు విశ్వాసాన్ని గూర్చిన తమ లేఖలో వివరించారు. వచ్చే పదేండ్లలో ఏమౌతుందో తెలియనక్కర లేదు. ఈ రోజు వేయవలసిన అడుగు కన్పిస్తే ఆ అడుగు వేయండి. అది వేసింతర్వాతనే రెండవ అడుగు కన్పిస్తుంది.

8. ఇంట్లో చేయవలసిన పనులు

యెరికో గుడ్డివాడైన బర్తిమయికి చూపు రాగానే ఇంటికి వెళ్లలేదు. ప్రభువు వెంట బయలుదేరాడు (మార్కు 10,52). ఆ దారి యెరూషలేముకు, అంటే సిలువకు పోయే దారి. అతడు వదలివేసింది తన పైవస్త్రం. బిచ్చగాడికి అంతకు మించిన ఆస్తి ఏముంటుంది? చూపు వచ్చినవాడు ఏదో ఒకటి వదలాలి, నడవాలి. మన కుటుంబాలు ఈ కొద్ది పనులు చేయవచ్చు.

మీ బిడ్డ జ్ఞానస్నానంనాడు పాస్కా వత్తినుండి వెలిగించి మీ చేతికిచ్చిన కొవ్వొత్తి ఎక్కడుంది? పెట్టెలో వుంటే బయటికి తీయండి. ఆ బిడ్డ జ్ఞానస్నానపు రోజున ఏటేటా ఇంట్లో దాన్ని వెలిగించండి. ఆనాడు బిడ్డ తరపున మీరు చెప్పిన విశ్వాస ప్రమాణాన్ని అందరూ కలిసి మళ్లీ చెప్పండి. పుట్టినరోజుకు కేకు కొంటాం గదా, దీనికి ఖర్చుకూడ లేదు.

రాత్రి భోజనం తర్వాత ఒక్క పది నిమిషాలు సెల్‌ఫోన్లు పక్కన పెట్టి ఆనాటి సువిశేషం చదవండి. చదువు రాని అమ్మమ్మ వుంటే మనుమరాలు చదివి వినిపించాలి. తర్వాత ప్రతి ఒక్కరు మౌనంగా తన్నుతాను రెండు ప్రశ్నలు వేసికోవాలి. ఇవాళ నేను ప్రభువును ఎక్కడ చూచాను? ఎవరిని చూచీచూడనట్లు తప్పుకొన్నాను?

తపస్సుకాలంలో ఒక్కసారైనా కుటుంబమంతా పాపసంకీర్తనం చేయాలి. తండ్రి ముందు చేస్తే పిల్లలు వెనుక వస్తారు. పక్కవాడి కంటిలోని నలుసును వెదికే అలవాటు ఉన్న ఇంట్లో, ముందుగా తన దూలం తీసికొనేవాడు (లూకా 6,42) తండ్రే కావాలి.

ఇంకొక పని. చూపును గూర్చి ఇంతగా ధ్యానించుకొన్న మనం, చనిపోయాక మన కన్నులను దానం చేయడానికి ఇష్టపడితే ఎంత బాగుంటుంది! తిరుసభ దీన్ని ప్రేమకార్యంగా మెచ్చుకొంటుంది. ఉత్థానానికి ఇది అడ్డమేమీ కాదు. మట్టినుండి మనలను చేసినవాడు మన కన్నులను మళ్లీ చేయలేడా? చనిపోయిన ఆరు గంటల లోపల కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరను తీయాలి. అందుకని బ్రతికి వుండగానే ఇంట్లోవాళ్లకు చెప్పి వుంచాలి. ఒకరి దానంవల్ల ఇద్దరికి చూపు రావచ్చు.

"మేము చదువుకోనివాళ్లం, పేదవాళ్లం, మావల్ల ఎవరికి వెలుగు?" అని కొందరంటారు. దీపస్తంభం లోపలి దీపం మీరనుకొన్నంత పెద్దది కాదు. దాని చుట్టూ అద్దపు కటకాలుంటాయి. నాలుగు దిక్కులా చెదరిపోయే కాంతిని అవి పోగుచేసి ఒక్క దిక్కుకు పంపుతాయి. 1820లలో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ కటకాలను కల్పించాడు. అందుకే చిన్న దీపం అంత దూరం కన్పిస్తుంది. మీ ఇంటి జపమాల, మీరు ఆదివారం తప్పకుండ పాల్గొనే పూజ, మీరు క్షమించిన ఒక పగ, ఇవి మీ కటకాలు. దీపం మాత్రం మీది కాదు, ప్రభువుది.

ఆలోచించడానికి:

పుట్టుగుడ్డివాని కథలో మా ఇంటివాళ్లం ఎవరిలా వున్నాం? ఇరుగుపొరుగువారిలానా, తల్లిదండ్రులలానా, పరిసయ్యులలానా, చూపు వచ్చినవాడిలానా?

మా వీధిలో నాకు ఇంకా "చెట్టులా" కన్పిస్తున్న మనిషి ఎవరు?

ప్రభువును అనుసరించడానికి నేను వదలవలసిన పైవస్త్రం ఏది?

ప్రార్థన: ప్రభూ, మా కన్నులమీది పొరలు మాకు అలవాటైపోయాయి. మసకనే చూపనుకొంటున్నాం. నీ చేతితో మమ్ము రెండవసారి తాకు. మా ఇంటివాళ్ల ముఖాలు మాకు తేటగా కన్పించేలా చేయి. చీకటిలో వున్న వేళల్లో వేయవలసిన ఒక్క అడుగు మాకు చూపించు, దాన్ని వేసే ధైర్యం మాకివ్వు. ఆమెన్.